నా పక్కన ఆగిన గొంతు

బుధవారం మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక పొయ్యిలోంచి నిప్పులు ఏరి ఇస్త్రీపెట్టెలో పోసుకునేదాన్ని. గోడ కొక్కేనికి రెండు ఎర్ర చొక్కాలు వేలాడుతుండేవి. ఒకటి నాది, ఒకటి మై బెట్సెరైది, అంటే బెట్సెరై వాళ్ళ అమ్మది. పొద్దున్నే పలచటి మొక్కజొన్న గంజిలో ముంచి నీడన ఆరేసేదాన్ని. పూర్తిగా ఆరిపోతే మడత నిలవదు, కాస్త చెమ్మ ఉండగానే పెట్టె పెట్టాలి. ముందు తెల్ల కాలరు, తర్వాత చేతులు, ఆఖర్న వీపు. ఆమె వీపు నా వీపుకంటే వెడల్పు, నిప్పులు ఇంకోసారి పోసుకోవాల్సి వచ్చేది. పెళ్ళయిన కొత్తలో మొదలైన పని అది. నా తల నెరిసేదాకా చేశాను.

ఇప్పుడు ఆ కొక్కేనికి చేట తగిలిస్తున్నాను. ఆమె చొక్కా ఆమెతోపాటే మట్టిలోకి వెళ్ళింది. నాది ఎలా పోయిందో చెప్తాను.

మా ముతోకో వైపు గురువారం ఆడవాళ్ళది. ఎర్ర చొక్కా, నల్ల పావడా, తెల్ల టోపీ వేసుకుని స్త్రీల సమాజానికి వెళ్తాం. ఆ చొక్కా కొనుక్కుని వేసుకునేది కాదు. నీ నడవడి చూసి, నీ ఇల్లు చూసి, నీ నోరు చూసి, పెద్దావిడ ఒకరు అందరి ముందూ తొడుగుతారు. చచ్చిపోతే అందులోనే పూడుస్తారు. ఎర్ర చొక్కాలన్నీ చుట్టూ నిలబడి పాడుతుంటే మట్టి పడుతుంది. నా భర్త ఎనోక్‌ని సమాధి చేసిన రోజున నేను ఆ పక్క జాగా చూసుకున్నాను. ఎర్ర చొక్కాతో అక్కడ పడుకోవాలి, అంతే, ఇంక నాకు వేరే ఆశ లేదు.

నాకు ఆ చొక్కా తొడిగింది మై బెట్సెరై. ఆమె చేతి గురించి ముందు చెప్పాలి. మా అమ్మాయి శువాయి పాకే వయసులో ఉండగా ఈస్టరు కూటాలకి వెళ్ళాం. ఊరందరికీ పెద్ద డ్రమ్ములో సడ్జా, మా మొక్కజొన్న సంకటి, ఉడుకుతోంది. కింద రాయి కదిలి డ్రమ్ము ఒరిగింది. శువాయి అటే పాకుతోంది. నేను అరవడానికి నోరు తెరిచేలోపల ఈమె కుడిచెయ్యి అడ్డం పెట్టి పిల్లని ఎడమచేత్తో అవతలికి తోసేసింది. ఉడుకుతున్న పిండి మోచేతి దాకా అంటుకుంది. ఆ చెయ్యి మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. కట్టు కట్టించుకుంటూ నాతో అంది:

"ఏడవకు పిల్లా. ఈ చెయ్యి ఎట్లాగూ మా ఆయన్ని కొట్టడానికి తప్ప పనికొచ్చేది కాదు."

"ఇస్త్రీ ఎట్లా చేసుకుంటావక్కా?"

"నువ్వున్నావుగా."

అట్లా మొదలైంది బుధవారం పని.

ఆమె మొగుడు రాతిగనిలో పనిచేసేవాడు. జీతం రోజున గని నుంచి ఇంటికొచ్చేలోగా ఎన్ని కల్లు కుండలుంటే అన్నిటి దగ్గరా ఆగేవాడు. ఆమె తెల్లవారకముందే లేచి ఊరి వెనక పెద్ద బండ ఎక్కి అతని కోసం ప్రార్థన చేసేది. కొన్నేళ్ళకి మానేశాడు. అందరూ దేవుడి మహిమ అన్నారు. ఆమె మాత్రం, "మహిమే. కాకపోతే నేను పైనుంచి దిగొచ్చాక ఆయన జేబులు కూడా చూసేదాన్ని" అని నవ్వేది. ఒక్కతే కూతురు బెట్సెరై. గని ఊళ్ళో కాపురం పెట్టి తల్లి వైపు చూడడం మానేసింది. ఆమె ఆ మాట ఎత్తేది కాదు.

ఎర్ర చొక్కా కోసం నన్ను సిద్ధం చేసింది ఆమే. పొద్దున్నే నా తలుపు కొట్టి బండ మీదికి లాక్కెళ్ళేది. నాకు అప్పటికి ప్రార్థన అంటే తెలిసింది వాన అడగడం, జ్వరం తగ్గించమనడం.

"అవన్నీ అందరూ అడుగుతారు" అంది ఒకరోజు, బండ మీద చలికి దుప్పటి కప్పుకుని. "నన్ను పెంచు తండ్రీ అని అడుగు. అది అడిగేవాళ్ళు తక్కువ."

"ఎట్లా పెంచుతాడక్కా?"

"టమాటా మొక్కకి పక్క కొమ్మలు గిల్లేస్తాం కదే? అట్లా. గిల్లించుకోవాలి. ఏది గిల్లాలో పేరు పెట్టి చెప్పు. ఊరికే 'నా పాపాలు, నా పాపాలు' అంటే ఆయన ఎక్కడని వెతుక్కుంటాడు, ముసలాయన."

"పేరు పెట్టి చెప్తే ఎవరైనా వింటారేమో."

"బండ మీద నేనొక్కదాన్నే. నేను గొంతెత్తితే నీది వినపడదులే."

గురువారం కూటం ఆఖర్న మేమంతా ఒకేసారి నోళ్ళు తెరుస్తాం. మా నాయకురాలు మై బెట్సెరై ముందు నిలబడి "తెరవండి" అనగానే అందరం మోకాళ్ళూని, మోచేతులు బల్లల మీద పెట్టి, ఎవరి ప్రార్థన వాళ్ళు గట్టిగా చెప్పుకుంటాం. ఒకామె ఏడుస్తుంది, ఒకామె పోట్లాడుతుంది, ఒకామె పిల్లల పేర్లు చదువుతుంది. బయటినుంచి వింటే పిండిమర తిరుగుతున్నట్టు ఉంటుంది. ఎవరి మాటా ఎవరికీ అందదు. మగవాళ్ళతో చెప్పలేనిది, తల్లితో చెప్పలేనిది అక్కడ చెప్పేస్తాం. కొత్తగా చేరినవాళ్ళకి మై బెట్సెరై నేర్పే మొదటి పాఠం ఇది: నోరు తెరిచావంటే చెవులు దేవుడికి అప్పజెప్పాలి. పక్కదాని మాట నీ చెవిన పడిందంటే నువ్వు ప్రార్థన చేయట్లేదని అర్థం.

నేను ఆ హోరుని మా ఇంటి తలుపు కంటే ఎక్కువ నమ్మాను.

ఎనోక్ ఛాతీ జబ్బుతో పోయాడు. అప్పుడు మజాంజే పళ్ళు రాలే కాలం. ఆయన తమ్ముడు టొండెరాయి ఇల్లు మా గాదె అవతలే. మంచివాడు, నెమ్మది మనిషి. భార్య మై రూడో నాకు చెల్లెలి లాంటిది, పొద్దున్నే ఆవుపాలు సొరబుర్రలో పోసి పంపేది. నా కష్టం వాళ్ళతో కాదు. టొండెరాయి నవ్వుతో.

ఎనోక్ నవ్వు దగ్గులా మొదలై ఈలలా అయిపోయేది. తమ్ముడిదీ అదే నవ్వు. ఆయన బతికుండగా నేను ఎప్పుడూ గమనించలేదు. ఆయన పోయాక గాదె అవతల ఆ నవ్వు వినపడితే నా చేతిలో రోకలి ఆగిపోయేది. ఒక సాయంత్రం ఆ నవ్వు విని సడ్జా రెండు పళ్ళాల్లో పెట్టాను. ఒకరోజు అతను మా కంచె బాగు చేస్తుంటే నీళ్ళిచ్చాను. అతను తాగేసి చెంబు తిరిగిచ్చాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. అతను "ఇంకేమైనా ఉందా వదినా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఇంట్లోకి వచ్చి తలుపేసుకుని కూర్చున్నాను.

మా దగ్గర మనిషి పోయిన ఏడాదికి కర్ర కార్యం చేస్తారు. చనిపోయినాయన చేతికర్ర భార్య చేతికిచ్చి, "ఎవరికిస్తావో ఇవ్వు" అంటారు. మరిదికిస్తే అతను ఆమెని ఏలుకుంటాడు. ఆచారం ఒప్పుకుంటుంది, ఎర్ర చొక్కా ఒప్పుకోదు. ఎర్ర చొక్కా వేసుకున్నవాళ్ళు కర్రని ఆడబిడ్డకిచ్చి, నేను నా ఇంట్లోనే ఉంటానని చెప్తారు. నేనూ అదే అనుకున్నాను. అనుకోవడం ఒకటి, చెయ్యి వణక్కుండా ఉండడం ఒకటి. అందుకని కార్యానికి కొద్దిరోజుల ముందు గురువారం హోరులో, నాకు నేర్పినట్టే, పేరు పెట్టి చెప్పాను.

"తండ్రీ, టొండెరాయి నవ్వితే నా ప్రాణం అటు పోతోంది. అతనికి భార్య ఉంది, మంచిపిల్ల. ఆ నవ్వు నా చెవుల్లోంచి తీసెయ్. కర్ర పట్టుకున్నప్పుడు నా చెయ్యి వణకనీయకు. ఈ కొమ్మ గిల్లెయ్ తండ్రీ. నన్ను పెంచు."

నాయకురాలు "తెరవండి" అన్నాక వచ్చి మోకరించేది నా పక్కనే. ఆమె గొంతు గరుకు, రోట్లో రాయి దొర్లినట్టుంటుంది. ఆ రోజు నేను మాట్లాడుతుండగా ఆ గొంతు ఆగింది. ఊపిరి తీసుకుంటోందనుకున్నాను. ఆగకుండా చెప్పుకుంటూ పోయాను.

ఆ వారంలోనే పాలు ఆగాయి. శువాయి చిన్నప్పటి సొరబుర్ర అది, నేనే వాళ్ళింట్లో పెట్టాను. అది ఖాళీగా కడిగి మా గుమ్మంలో పెట్టి ఉంది. ఆవు ఎండిపోయిందేమో అనుకున్నాను. బోరింగు దగ్గర నా డబ్బా నిండాక ఎత్తమని ఒకామెని అడిగితే, "మేమెందుకులే అక్కా, నీకు ఎత్తేవాళ్ళు ఇంటిపక్కనే ఉన్నారుగా" అంది. అక్కడున్నవాళ్ళు నవ్వారు. నాకు అర్థం కాలేదు. టొండెరాయి మా కంచె సగం కట్టి వదిలేశాడు. గాదె అవతల ఆ నవ్వు వినపడడం మానేసింది. నేను అడిగింది దొరికింది. ఎట్లా దొరికిందో అప్పటికి తెలియదు.

కర్ర కార్యం రోజున మగవాళ్ళు చెట్టు కింద, మేము చాపల మీద కూర్చున్నాం. ఎనోక్ కర్ర నా చేతికిచ్చారు. దాని పిడి ఆయన అరచేతికి అరిగి నున్నగా ఉంది. లేచి, టొండెరాయి ముందునుంచే నడిచి, మా ఆడబిడ్డ ముందు మోకరించి ఆమె చేతిలో పెట్టాను. చెయ్యి వణకలేదు. "నేను నా ఇంట్లోనే ఉంటాను వదినా" అన్నాను. ఆడవాళ్ళు చేతులు చరిచి కేకలు వేయాలి అప్పుడు. ఎవరూ వేయలేదు. మై రూడో నా వైపు చూడకుండా పక్కామెతో, అందరికీ వినపడేటట్టు అంది:

"కర్ర ఎటిచ్చిందో చూశాం. మనసెటిచ్చిందో దేవుడికి చెప్పుకుందిగా, అది కూడా విన్నాం."

నేను చాప మీదికి తిరిగొచ్చి కూర్చున్నాను. ఆ మాట నేను ఒక్కసారే అన్నాను, ఒక్క చోటే. అప్పుడు ఆగిన గొంతు గుర్తొచ్చింది.

మర్నాడు పాస్టరమ్మగారు కబురు పెట్టారు. వయసులో నా కూతురికంటే కాస్త పెద్ద. టీ ఇచ్చారు, రొట్టెముక్క ఇచ్చారు.

"మీకోసం సమాజమంతా ఉపవాసం ఉంటున్నాం మై శువాయి."

"నేనేం చేశానమ్మగారూ?"

"చేశారని కాదు. తలంపులో కూడా పరిశుద్ధంగా ఉండాలి కదా మనం."

"ఉండాలనే అడిగాను. ఆ అడిగిందే మీ దాకా వచ్చింది."

ఆమె కప్పు కింద పెట్టారు. "ప్రేమతోనే చెప్పారు. మీకోసం అందరూ ప్రార్థించాలని విన్నపంగా చెప్పారు. కొన్నాళ్ళు చొక్కా నా దగ్గర ఉంచండి. పెద్ద కూటం రోజున లేచి నిలబడి, అందరి ముందూ ఒప్పుకుని, మై రూడోని క్షమాపణ అడిగితే ఆ రోజే మళ్ళీ తొడుగుతాం."

ఆ సాయంత్రమే మడతపెట్టి తీసుకెళ్ళి ఇచ్చాను. దాన్ని రేకుపెట్టెలో పిల్లల స్వెట్టర్ల కింద పెట్టారు.

అక్కణ్ణుంచి తిన్నగా మై బెట్సెరై టమాటా మళ్ళ దగ్గరికి వెళ్ళాను. వంగి ఎడమచేత్తో కొమ్మలు గిల్లుతోంది.

"అక్కా, నువ్వేనా?"

ఆమె లేవలేదు. అబద్ధం కూడా ఆడలేదు. "నేనే."

"ఎందుకు?"

"ఒక్కదానివే మోస్తున్నావనిపించింది. పదిమంది చెయ్యేస్తే తేలికవుతుందని, ఆ రోజు నువ్వు వెళ్ళాక విన్నపాల్లో పెట్టా."

"మై రూడో కూర్చునుండగా?"

"ఆమె కూడా సమాజం మనిషేగా. పేరు చెప్పలా నేను. ఒక విధవరాలు, ఒక మరిది అన్నా."

"మన ఊళ్ళో ఎంతమంది విధవరాళ్ళున్నారక్కా, ఏడాది కార్యం దగ్గరపడినవాళ్ళు?"

ఆమె ఇంకో కొమ్మ గిల్లింది. "కోపంతో మాట్లాడకు పిల్లా. కోపం కూడా గిల్లించుకోవాల్సిందే" అంది. నేను వచ్చేశాను.

కానీ బుధవారాలు ఆగలేదు. ఆమె చొక్కా మూట వస్తూనే ఉంది, పొరుగు పిల్లల చేతుల్లో. నేను ఇస్త్రీ చేస్తూనే ఉన్నాను. ఒక కొక్కెం, ఒక చొక్కా. ఆ చెయ్యి నా శువాయి కోసం కాలింది, దానికీ దీనికీ ముడిపెట్టకూడదని నాకు నేనే చెప్పుకునేదాన్ని. తెల్లవారుజామున బండ మీదికి ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. అక్కడ నోరు తెరవలేకపోయాను. చుట్టూ రాళ్ళే, అయినా తెరవలేకపోయాను. పెదాలు మూసుకుని లోపలే, నన్ను పెంచు తండ్రీ, అనుకునేదాన్ని. మూసిన నోటి ప్రార్థన ఎలా ఉంటుందంటే, మూతపెట్టిన కుండలో ఉడికినట్టు. పొంగదు, కానీ ఉడుకుతుంది.

పెద్ద కూటానికి ముందురోజు, బుధవారం, ఆమే స్వయంగా వచ్చింది, చంకలో మూట పెట్టుకుని. మా మర్యాద ప్రకారం చేతులు చరచాలి కాబట్టి ఎడమచేతిని కుడిమణికట్టుకి చరిచి కుశలం అడిగింది. ఉడకబెట్టిన వేరుశనగలు పెట్టాను. మూట ముక్కాలి పీట మీద పెట్టింది.

"రేపు కాలరు బాగా నిలబడాలే. పెద్ద కూటం కదా."

నేను వేరుశనగల గిన్నె ఆమె వైపు జరిపాను.

"నువ్వు లేచి రెండు మాటలు చెప్పు చాలు. నేను పాస్టరమ్మతో మాట్లాడా. చొక్కా నా చేత్తోనే తొడుగుతా, అప్పుడు తొడిగినట్టే. మై రూడో కూడా మెత్తబడింది."

"ఏం చెప్పాలక్కా?"

"నీకు తెలీదా? నీ మనసులో ఉన్నది. తప్పని చెప్పు, ఒప్పుకో, కూర్చో. ఎనోక్ పక్కన జాగా పోగొట్టుకుంటావా ఏంటి, పంతానికి?"

కాసేపు వేరుశనగలు ఒలుచుకున్నాం. తర్వాత అడిగాను. "ఆ రోజు నువ్వెందుకు ఆగిపోయావక్కా?"

"ఏ రోజు?"

"నీకు తెలుసు."

ఆమె తొక్కలన్నీ ఒళ్ళోంచి తీసి గిన్నెలో పోసింది. చాలాసేపు పట్టింది, ఆ చేత్తో.

"ఆ ఒక్కరోజు కాదులే" అంది. "బెట్సెరై గని ఊరు వెళ్ళిపోయి తిరిగి చూడనప్పట్నుంచి నా నోట్లో మాట లేదు పిల్లా. ముందు నిలబడి తెరవండి అంటా. వచ్చి మోకరిస్తా. ఆ ఆ అని గొంతు చేస్తుంటా, మాట ఉండదు. ఇంక పక్కవాళ్ళది వింటుంటా. చలికి పొరుగింటి పొయ్యి దగ్గర చేరినట్టు. నీది వెచ్చగా ఉంటుంది."

"ఎన్నాళ్ళుగా వింటున్నావు?"

"చాన్నాళ్ళు." తొక్కల గిన్నె అవతల పెట్టి, "నేర్పింది నేను. మాటలు నీకు మిగిలాయి" అంది.

ఈ సంగతి ఆమె బతికుండగా నేను ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఆమె పోయాక కూడా రాయనా వద్దా అని చాలా ఆలోచించాను. ఇది లేకుండా రాస్తే ఆమెని ఊరికే చాడీలు చెప్పే మనిషిగా చూపించినట్టవుతుంది. ఆమె అది కాదు.

కానీ ఆ మధ్యాహ్నం నాకు జాలి రాలేదు. రావాలని ఎదురుచూశాను.

"నీ నోరు ఎండిపోయిందని విన్నపాల్లో పెట్టావా అక్కా?"

ఆమె నా వైపు చూసింది, వింత మాట విన్నట్టు. "అదెట్లా చెప్తానే? నేను నాయకురాల్ని. నా చేతులమీదుగా ఎంతమంది చొక్కాలు తొడుక్కున్నారు. అది దేవుడికీ నాకూ మధ్య ఉన్నది."

"అవునక్కా" అన్నాను.

ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "కాలరు మర్చిపోకు" అంది. బాట మీద ఆమె నడిచి వెళ్తుంటే చూశాను. ఆ ముడుచుకోని చెయ్యి పక్కన వేలాడుతోంది.

తర్వాత నేను చేయాల్సిన పనులన్నీ చేశాను. బోరింగుకి వెళ్ళి డబ్బా నింపుకుని, ఎవరినీ అడగకుండా మోకాలి మీదికి, అక్కణ్ణుంచి నెత్తి మీదికి ఎత్తుకున్నాను. వాకిలి ఊడ్చాను. టొండెరాయి సగంలో వదిలేసిన కంచెకి ముళ్ళకంప తెచ్చి అడ్డం వేశాను. రేపటి కోసం ఆకుకూర కోసి పెట్టుకున్నాను, రేపు నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు కాబట్టి. దేవుడికి చెప్పిన మాట దేవుడికి చెప్పేశాను. దాన్ని మళ్ళీ తప్పని పేరు పెట్టి, మై రూడో ముందు నిలబెట్టి, ఎనోక్ నవ్వుని అందరి కాళ్ళ దగ్గరా పడేయలేను. ఎనోక్ పక్కన నన్ను ఏ బట్టల్లో పెడితే అవే.

ఎండ గోడ మీంచి దిగుతోంది. పొయ్యిలో నిప్పులు ఎర్రగా బాగున్నాయి, పెట్టెలో పోస్తే ఇట్టే కాగుతుంది. మూట ఆమె పెట్టిన చోటే పీట మీద ఉంది, ముడి కూడా విప్పలేదు.

నిప్పుల మీద బూడిద కప్పి, కూర తరగడానికి కూర్చున్నాను.